వాషింగ్ మిషన్ తలుపు అద్దం పగిలితే

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, కట్టింది ఎంత, మొండి బాకీ ఎంత అని మాట్లాడుకుంటాం. ఈసారి మా గ్రామ సంఘానికి ఇచ్చిన టైములో వాషింగ్ మిషన్ తలుపు అద్దం గురించి మాట్లాడతాం అంటే కొంతమంది అక్కలు నవ్వారు. "అద్దం పలిగితె కొత్తది ఏపిచ్చుకోవాలె, దానికి మీటింగా?" అన్నారు. నవ్వితే నవ్వండి, తప్పేం లేదు. కానీ ఈ హాల్లో ఇంట్ల వాషింగ్ మిషన్ ఉన్నోళ్ళు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేచాయో ఇప్పుడే అందరూ చూశారు. గ్లాసు పొయ్యి ఉన్నోళ్ళను అడిగితే దాదాపు అందరూ ఎత్తుతారు. అందుకే ఇది ఐదుగురి ముచ్చట కాదు.

మన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం దిక్కు బతుకంటేనే షిఫ్టుల బతుకు. 1970ల నుంచి ఇక్కడ కంపెనీలు వస్తూనే ఉన్నాయి. ఇంట్ల మొగోళ్ళు రాత్రి డ్యూటీ దిగి వస్తే మందుల పొడి వాసన, ఆయిలు మరకలు బట్టలతోటే ఇంటికొస్తాయి. ఆడోళ్ళం కూడా ప్యాకింగుకు, క్యాంటీనుకు, ఊడ్పు పనికి పోతున్నాం. బోరు కాడ కూర్చొని బండకేసి బాదే టైము ఎవరికుంది? అందుకే సంఘం అప్పుల్లో మునుపు బర్రెలు, కుట్టు మిషన్లు ఉండేవి, ఇప్పుడు వాషింగ్ మిషన్లు కూడా చేరాయి. కొందరు ఇంటికి కొన్నారు. మా గ్రామ సంఘంలో ఐదుగురం కలిసి దాంతోటే బతుకుదెరువు పెట్టుకున్నాం. ఇస్నాపూర్ చుట్టుపక్కల రూముల్లో ఉండే కంపెనీ పిలగాళ్ళ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చే పని. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్ళు ఒక్కో రూముల నలుగురు, ఐదుగురు ఉంటారు, వాళ్ళకు ఉతుక్కునే జాగా కూడా ఉండదు. రెండు మిషన్లు కొన్నాం. ముందు నుంచి గుండ్రటి అద్దం తలుపు ఉండేవి, ఫ్రంట్ లోడ్ అంటారు. పని బాగానే నడిచింది, కిస్తీ ఏ నెలా ఆగలేదు.

కొన్న తొమ్మిదో నెలలో, ఒక రోజు పొద్దుగూకే యాళ్ళ, ఒక మిషన్ స్పిన్‌లో ఉండగా తలుపు అద్దం పగిలింది. కొద్దిగా చీలుడు కాదు, పేలినట్టే పగిలింది. చప్పుడుకు పక్కిండ్ల వాళ్ళు బయటికి ఉరికారు. మన దిక్కు పెద్ద చప్పుడు వస్తే మనసు ఎక్కడికి పోతదో మీకు చెప్పాల్నా? 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కంపెనీలో పేలుడు జరిగింది. ప్రాణం పోయినోళ్ళు, ఆచూకీ దొరకనోళ్ళు కలిపి 54 మంది. ఆ దినం నుంచి ఈ ఊర్లల్ల సిలిండరు బండి మీద నుంచి కింద పడ్డా పిల్లలు ఉలిక్కిపడుతున్నారు. ఆ సాయంత్రం కూడా అందరూ ముందు కంపెనీ దిక్కే చూశారు, తర్వాతే మా రేకుల షెడ్డు దిక్కు చూశారు.

మాలో చిన్నామె మిషన్ ముందు కూర్చొని బట్టలు వేరు చేస్తున్నది. మోచేతి కింద తెగింది, ఏడు కుట్లు పడ్డాయి. ఆమె బిడ్డ గడప కాడ ఆడుకుంటున్నది, రెండు గజాల దూరం, ఆ పిల్లకు ఏం కాలేదు. ఆ చెల్లె తన పేరు చెప్పొద్దు అన్నది కాబట్టి చెప్పం. మిషన్ ఏ కంపెనీదో కూడా చెప్పం, ఎందుకంటే కేసు నడుస్తున్నది.

సర్వీసు మనిషి నాలుగు రోజులకు వచ్చాడు. మిషన్‌ను చూసింది పది నిమిషాలు, ఫోన్ మాట్లాడింది అరగంట. తర్వాత ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద ఏదో రాసి, "సంతకం పెట్టండమ్మా, పార్టు ఆర్డరు పెట్టాలంటే ఇది కావాలె" అన్నాడు. మాలో ఒకామె కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడిని పిలిచి చదివించాం. వాడుక సరిగ్గా లేక పగిలింది, వారంటీ వర్తించదు, కస్టమర్ ఒప్పుకున్నారు అని ఉంది. ఒప్పుకున్నది ఎవరు? మేము నోరు కూడా తెరవలేదు. సంతకం పెట్టలేదు. పెట్టకపోతే పోను అని అతను కూర్చున్నాడు. అప్పుడు ఆ కాగితం కిందనే తెలుగులో "ఇందులో రాసినదానికి మేము ఒప్పుకోవడం లేదు" అని రాసి, తేదీ వేసి, అప్పుడు సంతకం చేశాం. దాన్ని ఫోటో కూడా తీసుకున్నాం. ఇదొక్కటి గుర్తు పెట్టుకొని పోయినా చాలు, మీరు ఈ సభకు వచ్చిన బస్సు కిరాయి గిట్టినట్టే.

ఇప్పుడు అద్దం సంగతి. ఇది మనం కిటికీకి పెట్టుకునే అద్దం లాంటిది కాదు. ఎక్కువ మిషన్లకు టఫెండ్ గ్లాస్ వాడుతారు. మామూలు అద్దాన్ని కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా కాలుస్తారు, తర్వాత రెండు దిక్కుల నుంచి గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందే గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది, కానీ పైపొర దాన్ని కుంచించుకోనియ్యదు. అట్ల పైన ఒత్తుకొని, లోపల గుంజుకొని ఎప్పటికీ ఉండిపోతుంది. నులక మంచం బిగించి అల్లితే ఎట్లుంటదో అట్ల. ఆ బిగువు వల్లనే అది మామూలు అద్దం కంటే నాలుగైదింతలు గట్టిగా ఉంటుంది. గుద్దినా ఓర్చుకుంటుంది. కానీ గీత ఒక్కటి పైపొర దాటి లోపలి గుంజుడు దాకా పోయిందంటే మొత్తం అద్దం ఒక్క చిటికెలో ముక్కలైపోతుంది. సగం మిగులుడు ఉండదు. అంచు కాడ మరీ నాజూకు.

ఈ తీరు అద్దం జొన్న గింజంత, శనగ గింజంత ముక్కలుగా రాలాలనే అట్ల చేస్తారు. కత్తుల్లాంటి పెద్ద పెంకులు రాకుండా. కార్ల పక్క అద్దాలు కూడా ఇవే. అయితే చిన్న ముక్క తెగదు అనుకునేరు. కంట్లో పడితే గింజంత ముక్కే చాలు, దగ్గర నుంచి విసురుగా తగిలితే చర్మం కూడా తెగుతుంది. ముక్కలు ఒకదానికొకటి అతుక్కొని అరచేయంత పెచ్చులుగా కూడా పడతాయి. మా చెల్లె చెయ్యి తెగింది అట్లాంటి పెచ్చుతోనే.

"ఎవరూ ముట్టలేదు, దానంతట అదే పలిగింది" అంటే సర్వీసోళ్ళు నమ్మరు. మనం అబద్ధం ఆడినట్టు చూస్తారు. కానీ ఈ అద్దంలో అది నిజంగానే జరుగుతుంది. ఈ రోజు పడ్డ గీత ఈ రోజే పగలగొట్టాలని లేదు. రోజూ అదురుతూ ఉంటే గీత లోపలికి పోతూ పోతూ ఏదో ఒక రోజు ఎవరూ దగ్గర లేనప్పుడు కూడా పగలవచ్చు. ఇంకొకటి, అద్దం తయారైనప్పుడే లోపల నికెల్ సల్ఫైడ్ అనే చిన్న నలుసు ఉండిపోతే అది మెల్లమెల్లగా ఉబ్బి కొన్నేండ్లకు కూడా అద్దాన్ని పగలగొట్టగలదు. పెద్ద పెద్ద బిల్డింగుల అద్దాలు ఊరికే పగిలి రాలడానికి ఇదొక కారణమని ఇంజనీర్లకు తెలిసిన సంగతే. కాబట్టి పగిలిన ప్రతి అద్దం ఆడోళ్ళ తప్పు అనే మాట చెల్లదు. వేడి నీళ్ళ వాష్ పెట్టినందుకే పగిలింది అని కూడా మాతోటి అన్నారు. మిషన్‌లనే వేడి చేసే బటను పెట్టి అమ్మి, అది నొక్కినందుకు పగిలింది అంటే ఎట్ల? మంచి టఫెండ్ అద్దానికి ఆ వేడి లెక్కలోకే రాదు.

అయినా మన చేతుల్లో ఉన్నది మనం చూసుకోవాలె కదా. ఫ్రంట్ లోడ్ అద్దం లోపలికి గిన్నె లెక్క ఉబ్బి ఉంటుంది. బట్టలు వెనక్కి డ్రమ్‌లోకే పోవాలని ఆ తీరు చేస్తారు. అంటే తిరిగే బట్టలు ఆ గిన్నెకు రాసుకుంటూనే ఉంటాయి. స్పిన్‌లో డ్రమ్ నిమిషానికి 1200 సార్లు తిరిగితే సెకనుకు 20 సార్లు అన్నట్టు. అంత వేగంలో ప్యాంటు జేబుల ఒక నట్టు ఉందనుకోండి, అది అద్దానికి తగిలే లెక్క మీరే వేసుకోండి. మన బెల్టు బట్టల జేబుల్లో ఏమేం దొరుకుతాయో మా దగ్గర ఒక డబ్బా ఉంది, తెచ్చాం, అటు బల్ల మీద పెట్టాం, తిరిగి పోయేటప్పుడు చూడండి. నట్టులు, బోల్టులు, స్క్రూలు, చిల్లర పైసలు, గేటు పాసుకు ఉండే ఇనుప క్లిప్పులు, తాళం చెవులు, పిన్నీసులు, ఒక చిన్న స్పానర్ కూడా. అన్నీ మిషన్‌ల వెయ్యకముందే జేబులు తడిమి తీసినవి. డాంగ్రీలకు ముందర పొడుగ్గా ఇనుప జిప్పు ఉంటది, దాన్ని పైదాకా మూసి, డ్రెస్సు తిరగేసి వెయ్యాలె. జాకెట్ల కొక్కాలు కూడా పెట్టి వెయ్యాలె. కుందన్లు, పూసలు, అద్దాల పని ఉన్న చీరలు, లంగాలు గుడ్డ సంచిలో కట్టి వెయ్యాలె.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో రూపాయి బిళ్ళ ఇరికితే పైకి కనపడదు. వారానికి ఒకసారి వేలు పెట్టి మడత అంతా తడమండి. మన బోరు నీళ్ళకు అద్దం మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, దాని కింద గీతలు దాగుతాయి. మెత్తటి గుడ్డతో నిమ్మరసమో వెనిగరో పెట్టి తుడిస్తే పోతుంది. ఇనుప పీచు మాత్రం అద్దానికి ముట్టించొద్దు. తుడిచినాక గోరు పెట్టి రాయండి. గోరు తట్టుకునేంత గీత ఉంటే ఆ తలుపు మార్పించేదాకా మిషన్ ఆపడమే.

డ్రమ్ నిండా కుక్కితే తలుపు బట్టలను నొక్కుతూ మూసుకుంటది. ఒక్క అరచెయ్యి పట్టే జాగా పైన ఉండాలె. ప్లాస్టిక్ పట్టాలు, రెయిన్ కోట్లు, నీళ్ళు దిగని షీట్లు స్పిన్‌లో వెయ్యనే వద్దు, నీళ్ళు వాటిలో మూట కట్టినట్టు ఆగిపోయి మిషన్ ఎగిరెగిరి పడుతుంది. ఇది మేము ఊరికే చెప్పే మాట కాదు. 2016 నవంబరులో అమెరికాలో సామ్‌సంగ్ కంపెనీ పైనుంచి బట్టలు వేసే మిషన్లు 28 లక్షల దాకా వెనక్కి పిలిచింది. బరువు బట్టలు, నీళ్ళు దిగని బట్టలు ఎక్కువ స్పీడు స్పిన్‌లో వేస్తే మిషన్ అదిరి పైభాగం ఊడి వస్తున్నది. ఒకామెకో ఒకాయనకో దవడ కూడా విరిగింది. అక్కడ కంపెనీకి వచ్చిన ఫిర్యాదులు 733, దెబ్బలు తగిలినవి 9. ఆ 733 మంది ఒక్కొక్కరు ఎవరికి వాళ్ళు "మన ఖర్మ" అని ఊరుకుంటే 28 లక్షల మిషన్లు అట్లనే తిరుగుతుండేవి. ఈ ముచ్చట మేము ఎందుకు తెచ్చామో కాసేపట్ల చెప్తాం.

పైనుంచి మూత ఉన్న మిషన్లు, సెమీ ఆటోమేటిక్ మిషన్లు ఉన్న అక్కలు మాకేం భయం లేదు అనుకోవద్దు. వాటి మూతలకు కూడా ఇప్పుడు అద్దమే వస్తున్నది. దాని మీద బకెట్ పెడతారు, ఇస్త్రీ పెట్టె పెడతారు, మీద నిలబడి మేడ దండెం సర్దుతారు. పిల్లల్ని కూర్చోపెట్టినోళ్ళను కూడా చూశాం. పిల్లల మాట వచ్చింది కాబట్టి, 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహిణిలో మూడేండ్ల కవల పిల్లలు నీళ్ళున్న వాషింగ్ మిషన్‌లో పడి చనిపోయారు. తల్లి సబ్బు పొడికి దుకాణం దాకా పోయి వచ్చేలోపు. మిషన్ పక్కన బిందె, స్టూలు, బట్టల మూట ఏవీ ఉంచొద్దు. పిల్లలకు అవే మెట్లు.

గ్లాసు పొయ్యి అద్దం కూడా ఇదే జాతి. పెద్ద కుక్కరు, పెండ్లిండ్ల గిన్నె బర్నరు దాటి బయటికి ఉంటే మంట కింద తిరిగి అద్దానికే తగులుతుంది. పొయ్యి కాలుతుండగా చల్లటి తడి గుడ్డ పెట్టి తుడుస్తాం, పాలు పొంగితే మరీ. ఆరిన తర్వాత కొంచెం సేపు ఆగి తుడవండి. పొయ్యి కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడండి. మిషన్ మీద ఉండే చుక్కల స్టిక్కరు, అదే ఫైవ్ స్టార్, త్రీ స్టార్, అది కరెంటు, నీళ్ళ పొదుపు గురించే. అద్దం గట్టిదనానికి చుక్కలతో సంబంధమే లేదు. దుకాణపోళ్ళు మాత్రం ఐదు చుక్కలంటే అన్నిట్ల గట్టిదే అన్నట్టు చెప్తారు.

పగిలిన తర్వాత ఏం చెయ్యాలె? ముందు మిషన్ ముట్టొద్దు. గోడకున్న స్విచ్చి, అది తడిగా ఉంటే మెయిన్ బంద్ చెయ్యండి. నడిమధ్యలో పగిలితే నీళ్ళన్నీ బయటికి వస్తాయి, మన రూముల్లో చాలా చోట్ల ఎర్తింగ్ ఉండదు, గాజు కంటే కరెంటే ముందు ప్రాణం తీస్తది. చెప్పులు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వొద్దు. లోతుగా గుచ్చుకున్న ముక్కను గుంజొద్దు, చుట్టూ శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి 108కి చెయ్యండి. కంట్లో పడితే రుద్దొద్దు, ఊదొద్దు, నాలుకతో తీసే పెద్దమ్మలు ఉంటారు, ఆ పని అసలే వద్దు. కన్ను కప్పి దవాఖానకు పోవాలె. నేల మీద కనపడని ముక్కలకు చీపురు సరిపోదు, గోధుమపిండి ముద్ద తడిగా పిసికి నేలకు అద్దితే అతుక్కొని వస్తాయి. మిషన్‌లో ఉన్న చంటిపిల్లల బట్టలు, తువ్వాళ్ళు మళ్ళీ వాడుకోవద్దు. నూరు రూపాయల తువ్వాలుకు ఆశపడితే పిల్ల ఒంట్లో గాజు దిగుతుంది.

కానీ ముక్కలు పారేయొద్దు! ఇది చాలామందికి తెలియదు. మాలో పెద్దామె ఆ రాత్రే ముక్కలన్నీ పాత బిస్కెట్ డబ్బాలో ఎత్తి, టేపు చుట్టి, పైన తేదీ రాసి పెట్టింది. తలుపు రింగు కూడా దాచింది. ఊడ్చకముందే ఫోన్‌లో ఫోటోలు తీసింది. ఆమె ఐదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. వకీలు మేడం ఆ డబ్బా చూసి, సగం కేసు ఇందులోనే ఉందమ్మా అన్నది. వినియోగదారుల కమిషన్ కావాలనుకుంటే వస్తువును ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తుంది. ముక్కలు చెత్త బండిలో పోతే దేన్ని పంపుతారు?

ఇక మా గొడవ ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాం. సర్వీసు మనిషి పోయినాక 1915కు ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నంబరు రాసుకోండి, 1915. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వాళ్ళు కంపెనీకి పంపిస్తే కంపెనీ నుంచి జవాబు వచ్చింది. తలుపు ఉచితంగా ఇస్తాం, కానీ దవాఖాన ఖర్చు, పని నష్టం మాకు సంబంధం లేదు, ఎందుకంటే మీరు ఇంటి మిషన్‌ను వ్యాపారానికి వాడారు, మీరు వినియోగదారులే కారు అని.

ఈ మాట దగ్గర మేము చాలా రోజులు ఆగిపోయాం. మీలో కూడా కుట్టు మిషన్లు, పిండి గిర్నీలు, రొట్టెల మిషన్లు, ఫ్రిజ్‌లు పెట్టుకొని బతికేటోళ్ళు ఉన్నారు, మీ అందరికీ తగిలే మాట ఇది. సంగారెడ్డి కోర్టులో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయాం. ఆడోళ్ళకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు, ఆదాయం ఎంత అని అడగరు, అది 1987 చట్టంలోనే ఉంది. అక్కడ ఇచ్చిన వకీలు మేడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం తీసి చదివి చెప్పింది. వ్యాపారం కోసం కొన్నోళ్ళు వినియోగదారులు కారు అని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ దాని కిందనే ఇంకో మాట ఉంది. సొంతంగా పని చేసుకొని, కేవలం బతుకుదెరువు కోసమే కొన్న వస్తువు అయితే అది వ్యాపారం కింద రాదు. కంపెనీ మొదటి వాక్యం చదివి వినిపించింది, రెండోది మింగింది. ఐదుగురం మా చేతులతో మేమే ఉతుకుతున్నాం, జీతగాళ్ళను పెట్టలేదు. మా నెల లెక్కల పుస్తకం, సంఘం తీర్మానం పుస్తకం అందుకే సాక్ష్యాలు అయ్యాయి. బుక్ కీపర్ వెంటపడి రాయిస్తుంటే విసుక్కుంటాం కదా, ఇగో ఇక్కడ పనికొచ్చింది. వారంటీ కార్డులో "గాజు, ప్లాస్టిక్ భాగాలకు వర్తించదు" అని సన్నక్షరాలతో ఉంటే ఉండనీ. వస్తువులో లోపం వల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారు చేసినోళ్ళు బాధ్యులు అనే అధ్యాయం ఈ చట్టంలో వేరుగానే ఉంది, వారంటీ కార్డు దాన్ని కొట్టేయలేదు.

మేడం చెప్పినవి ఇంకొన్ని. మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న పట్నానికి తిరగక్కర లేదు. వస్తువుకు కట్టిన ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. జరిగిన రోజు నుంచి రెండేండ్ల లోపు వెయ్యాలె. మూడు నెలల్లో తేల్చాలని, ల్యాబు పరీక్ష ఉంటే ఐదు నెలల్లో అని చట్టంలో రాసి ఉంది. అట్ల తేలుతుందా అని అడిగితే మేడం నవ్వింది. సరే, చూద్దాం.

కేసు వేశాం. వచ్చే నెలలో వాయిదా ఉంది. తలుపు పంపిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అని కంపెనీ మనిషి ఇంకోసారి వచ్చాడు. ఆ కాగితంలో ఇక మాకు ఏ క్లెయిమూ లేదు అని ఉంది. పెట్టలేదు. దాని ఫలం ఏందంటే ఒక్క మిషన్‌తోనే పని నడుపుతున్నాం. కుట్లు పడ్డ చెల్లె రెండు నెలలు పనికి రాలేదు. ఆమె వాటా మిగతా నలుగురం పంచుకొని కిస్తీ కడుతున్నాం. ఒకరింట్లో ఇప్పటికీ గొడవే, "తలుపు తీసుకుంటె పొయ్యేది కద, కోర్టులెందుకు మీకు" అని. ఆయన మాటలో కూడా కొంత నిజముంది, ఒక్క మిషన్‌తోటి ఐదు ఇండ్లు ఎంత కాలం నడుస్తాయి? అయినా ఇప్పుడు వెనక్కి పోం అని ఐదుగురం తీర్మానం రాసుకున్నాం.

అమెరికా 733 మంది ముచ్చట ఎందుకు చెప్పామంటే ఇందుకే. మన చట్టంలో కూడా, జనానికి ప్రమాదం ఉన్న వస్తువును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని ఆర్డరు ఇచ్చే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. కానీ ఫిర్యాదులు కాగితం మీద ఉంటేనే వాళ్ళకు కనపడుతుంది. ఈ సభకు ముందు మా వీఓఏ ఆరు ఊర్లల్ల అడిగింది. మూడు ఊర్లల్ల "మాది కూడా పలిగింది" అన్నోళ్ళు దొరికారు, ఇద్దరివి మిషన్లు, మిగతావి పొయ్యిలు. ఒక్కరు కూడా ఎక్కడా రాయలేదు. ఒకామె అద్దం మార్పించుకోవడానికి బంగారం కుదువ పెట్టిందట. ఆమె దగ్గర బిల్లు లేదు, ముక్కలు లేవు. ఇప్పుడు చెయ్యడానికి కూడా ఏం లేదు.

అందుకే మా గ్రామ సంఘం నుంచి సమాఖ్యను అడుగుతున్నది ఇది. సంఘం అప్పుతో ఏ మిషన్ కొన్నా దాని బిల్లు, వారంటీ కార్డు, మిషన్ వెనక స్టిక్కరు మీద ఉండే నంబరు, ఈ మూడింటి జిరాక్సు గ్రామ సంఘం ఫైల్‌లో ఉండాలె. బిల్లు అక్షరాలు ఏడాదికే మాసిపోతాయి, కాబట్టి కొన్న వారంలోనే తియ్యాలె. రెండోది, ప్రతి గ్రామ సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టాలె. ఇంట్ల సామాను పగిలినా, పేలినా, షాకు కొట్టినా తేదీ, కంపెనీ, నంబరు, ఎవరికి ఏమైంది రాయాలె. నెలకోసారి ఆ బుక్కు సమాఖ్యకు రావాలె, ఒకే కంపెనీ పేరు మళ్ళీ మళ్ళీ కనపడితే అందరి తరఫున సమాఖ్యే 1915కు, కమిషన్‌కు రాయాలె. ఒంటరి మనిషికి ఇచ్చే జవాబు, వందల సభ్యులున్న సమాఖ్యకు ఇచ్చే జవాబు ఒకటి ఉండదు. ఏపీఎం మేడం సరే అన్నది, కానీ తీర్మానం మీరందరూ చెయ్యెత్తితేనే అవుతుంది.

మా వాయిదా రోజున సంగారెడ్డికి తోడు రాగలిగిన అక్కలు మా వీఓఏ దగ్గర పేర్లు రాయించండి. బస్సు కిరాయి ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలె, మధ్యాహ్నం అన్నం మేము కట్టుకొని వస్తాం. బిస్కెట్ డబ్బా, జేబుల్లో దొరికిన సామాను డబ్బా రెండూ ఆ చివరి బల్ల మీద ఉన్నాయి. చూడండి, కానీ బిస్కెట్ డబ్బా టేపు మాత్రం ఎవరూ విప్పొద్దు.